అక్క పొట్ట, చెల్లెలి పొట్ట

అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే జబ్బు, నెల తేడాతో బయటపడింది.

ముందు చెల్లెలికి. ఆమె ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. యాభైకి దగ్గర పడుతున్నా చన్నీళ్ళలోకి ముందు తను దూకి, తర్వాత పిల్లల్ని పిలిచే మనిషి. కొన్నాళ్ళుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పరీక్ష చేయించుకుంటే ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నారు. ఆ రక్తం ఎటు పోతోందో వెతుక్కుంటూ పోతే పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ దొరికింది. "మీ తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళనీ ఒకసారి చూపించుకోమనండి" అంది సర్జన్.

తోడబుట్టింది ఒక్క అక్కే. అక్క బేకరీలో పనిచేస్తుంది. తెల్లవారేసరికి ఓవెన్ ముందు నిలబడి ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్ళు బల్లమీద పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా ఎలా ఉన్నావంటే "ఉన్నా" అంటుంది. అంతకు మించి చెప్పడం ఆమెకు దండగ పని.

"నాకేం రోగమే? ఉన్న నొప్పులు చాలవా?" అంది చెల్లెలితో.

"నీ కోసం కాదు, నా కోసం వెళ్ళు. లేకపోతే నాకు నిద్ర పట్టదు" అని చెల్లెలు వారం రోజులు చెవిలో జోరీగలా పోరింది. ఆ పోరు పడలేక వెళ్ళింది అక్క. ఆమె పేగులోనూ గడ్డ ఉంది. చెల్లెలి దానికంటే చిన్నది. తీసేయాల్సిందే.

ఆ వార్త విన్న రోజు అక్క ఏడవలేదు. "మళ్ళీనా" అంది, అంతే.

ఆ మాటకు కారణముంది. అక్క పొట్ట మీద అప్పటికే మూడు గీతలున్నాయి. మొదటిది పంతొమ్మిదో ఏట పడింది. కడుపులో గ్యాసేమోనని సోడా తాగుతూ బేకరీ కౌంటర్ దగ్గర నిలబడే ఉంటే, లోపల అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకింది. బొడ్డుకు పైనుంచి కిందిదాకా నిలువునా కోశారు. రెండోది పెళ్ళయ్యాక. అండాశయంలో నీటిగడ్డ మెలిపడితే అడ్డంగా కోసి తీశారు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మూడోది హెర్నియా. పిండి బస్తాలు ఎత్తీ ఎత్తీ పాత నిలువు గీత కింద కండ వదులైపోయి పేగు ఉబ్బుకొస్తే, మళ్ళీ కోసి లోపల వలలాంటి జాలీ పెట్టి కుట్టారు. ఇంట్లో పాత సంగతులు చెప్పుకోవాలంటే వాళ్ళకు సంవత్సరాలు గుర్తుండవు. "అది అపెండిక్స్‌కి ముందు", "ఇది జాలీ పెట్టాక" అనుకుంటారు.

చెల్లెలి పొట్ట మీద చిన్న గాటు కూడా లేదు.

ముందుగా చెల్లెలికే ఆపరేషన్ జరిగింది. నాలుగు రంధ్రాలు, ఒక కెమెరా, బొడ్డు దగ్గర గడ్డ బయటికి తీయడానికి నాలుగు వేళ్ళంత గాటు. మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రం టీ వేళకు బయటికి తెచ్చారు. మర్నాడు వరండాలో నడిచింది. ఆ మర్నాడు అక్కకు ఫోన్ చేసింది. అక్క అప్పుడు బేకరీలో రస్కుల ట్రే దింపుతోంది. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"అక్కా! పోయింది!"

"ఏం పోయిందే? పర్సా?"

"పర్సు కాదే, గాలి! రెండుసార్లు! పేగులు లేచాయని డాక్టరమ్మ చప్పట్లు కొట్టిందంటే నమ్ము!"

బేకరీ యజమాని బిస్కెట్ల డబ్బా మూత పెడుతూ పెడుతూ ఆగిపోయాడు. అక్క మొహం ఓవెన్ వేడికి ఎర్రబడిందో, సిగ్గుకు ఎర్రబడిందో ఆమెకే తెలియలేదు.

"సంతోషం, పెట్టెయ్" అంది.

నాలుగో రోజుకల్లా చెల్లెలు ఇంటికొచ్చేసింది. అక్క చూడ్డానికి వెళితే తనే తలుపు తీసింది. చొక్కా ఎత్తి పట్టీలు చూపించింది. "చూడు, ఇంతే. చీమ కుట్టినట్టుంది. నువ్వు ఊరికే బెంగపడుతున్నావు. ఆ పాత రోజులు కావివి. పెద్దగా కోయడం ఎప్పుడో మానేశారు."

అక్క ఆ పట్టీల్ని చాలాసేపు చూసింది. నాలుగు చిన్న పట్టీలు, బొడ్డు దగ్గర కాస్త పెద్దది ఒకటి. ఆమెకు మనసులో కొంచెం ఆశ పుట్టింది. ఆశపడటం ఆమెకు అలవాటు లేని పని.

సర్జన్ మాత్రం అంత తేలిగ్గా చెప్పలేదు. తన గదిలో అక్కను బల్లమీద పడుకోబెట్టి ఆ మూడు గీతల మీదా వేలితో మెల్లగా నొక్కి చూసింది. ఆవిడ మెడలో కళ్ళజోడు వేలాడుతుంటుంది, మాట్లాడే ముందు ఒకసారి ఊపిరి పీలుస్తుంది.

"ఇదిగో చూడండమ్మా, దాచకుండా చెప్తున్నాను. ఒకసారి పొట్ట తెరిచినవాళ్ళకి లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొన్ని పొట్ట గోడకే అతుక్కుంటాయి. మీకు మూడుసార్లు తెరిచారు. అందులో ఒకసారి చీము. పైగా జాలీ ఉంది."

"స్కాన్‌లో కనపడలేదా అది?" అడిగాడు అక్క భర్త. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయిన మనిషి. ఏదైనా బాగుచేసే ముందు బానెట్ ఎత్తి చూడాలనేది ఆయన సిద్ధాంతం.

"గడ్డ కనపడుతుంది. అతుకులు సరిగ్గా కనపడవండి. లోపలికి వెళితేనే తెలుస్తుంది. చిన్న రంధ్రాలతోనే మొదలుపెడతాను. పాత గీతలకు దూరంగా, ఇదిగో ఎడమ పక్కటెముకల కింద. మీలాంటివాళ్ళలో కూడా చాలామందికి అలాగే పూర్తవుతుంది. కాకపోతే మీ చెల్లెలి కంటే మీకు టైం ఎక్కువ పడుతుంది. మధ్యలో ఆపి కోయాల్సి రావడానికి అవకాశమూ ఎక్కువే. అలా కోస్తే నేనేదో తప్పు చేశానని కాదు. అది మీ ప్రాణానికి మంచిదని. అర్థమైందా?"

అక్క తలూపింది. అర్థమైంది కూడా. కానీ మనసులో మాత్రం ఆ నాలుగు పట్టీలే కదులుతున్నాయి. బయటికొచ్చాక చెల్లెలు "వాళ్ళు అలాగే చెప్తారులే, చెప్పడం వాళ్ళ ధర్మం" అంటే ఆ మాటే చెవికింపుగా అనిపించింది.

ఆపరేషన్ నాడు పొద్దున్నే తీసుకెళ్ళారు. బావ, మరదలు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. టీ వేళ వచ్చింది, పోయింది. బావ ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది.

అక్కకు తెలివొచ్చేసరికి కిటికీ అవతల వెలుతురు లేదు. ముక్కులోంచి గొట్టం దిగి ఉంది. గొంతు ఎండిపోయింది. ఎవరూ ఏమీ చెప్పక ముందే చెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చి పొట్ట తడుముకుంది. చిన్న పట్టీలు తగల్లేదు. రొమ్ముకింద మొదలైన కట్టు, చెయ్యి ఎంత కిందికి పోనిచ్చినా అయిపోలేదు.

తల తిప్పి భర్త వైపు చూసింది. ఆయన చూపు దించుకున్నాడు.

మర్నాడు సర్జన్ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూడటం అదే మొదటిసారి. కళ్ళకింద నల్లబడి ఉంది. కుడిచేతి మణికట్టు ఎడమచేత్తో నొక్కుకుంటూ మాట్లాడింది.

"రెండున్నర గంటలు రంధ్రాల్లోంచే ప్రయత్నం చేశానమ్మా. చిన్నపేగు మొత్తం జాలీకి అంటుకుపోయింది. కొంచెం కొంచెంగా ఒలుచుకుంటూ వచ్చాను. ఒకచోట పేగు చిన్నగా చిరిగింది, వెంటనే కుట్టేశాను. ఇంకా పట్టుబట్టి ఒలిస్తే ఇంకోచోట చిరుగుతుంది, అది నా కంటికి కనపడకపోవచ్చు కూడా. అందుకని ఆపేసి, కోసేశాను. గడ్డ మాత్రం శుభ్రంగా వచ్చింది."

అక్క గొట్టం అడ్డుపడుతుంటే మెల్లగా అంది. "కాగితం వెయ్యడం మర్చిపోతే కేకు ట్రేకి అంటుకున్నట్టు."

"అంతే. అచ్చం అంతే."

"అలాంటిది మేం గీకి పారేస్తాం."

సర్జన్‌కు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేనట్టుంది. అక్క చేతిమీద చెయ్యి వేసి, లేచి వెళ్ళిపోయింది.

అక్కడినుంచి మొదలయ్యాయి అసలు రోజులు. చెల్లెలు నడిచిన రోజుకు అక్క పక్కకు ఒత్తిగిలడమే గగనమైంది. చెల్లెలు గాలి వదిలిన రోజుకు అక్క పొట్ట డ్రమ్ములా ఉబ్బి ఉంది. పేగుల్ని అంతసేపు కదిపి, ఒలిచి, కుట్టారు కదా, అవి అలిగి పడుకున్నాయి. అవి లేచేదాకా నోట్లోకి చుక్క నీళ్ళు కూడా లేవు. పెదాలు తడిపే దూది తప్ప.

ఇక ఆ వార్డంతటికీ ఒకటే మాట. పొద్దున డ్యూటీ నర్సు వస్తూనే "పోయిందామ్మా?" బీపీ చూసే అమ్మాయి "ఇంకా పోలేదా?" నేల తుడిచే ఆమె తుడుపుకర్ర గోడకానించి "రాత్రేమైనా పోయిందా తల్లీ?" పక్క మంచం మీద పిత్తాశయం తీయించుకున్న ముసలామె తెర అవతలినుంచి "నాకైతే పోయిందమ్మా, నీకూ పోతుందిలే" అని ధైర్యం చెప్పేది. ఒకరోజు బేకరీ యజమాని వచ్చి, టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడి, వెళ్ళేముందు గొంతు సవరించుకుని "మరి... అది..." అన్నాడు. అక్క కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ బతుకులో తన గురించి ఇంతమంది ఒక్కసారి ఎదురుచూడటం ఇదే మొదలు, అదీ ఇందుకోసం.

చెల్లెలు రోజూ వచ్చేది. ఆమె నడక మామూలైపోయింది, మొహంలో రంగు తిరిగింది. ఐదో రోజు వచ్చి మంచం పక్కన నిలబడి, తన కొలను దగ్గర పిల్లల్ని పిలిచినట్టు రెండు చేతులూ చాచింది.

"లే అక్కా. నడవాలి. నడిస్తేనే పేగులు కదులుతాయి. నేను మర్నాడే నడిచాను తెలుసా?"

"తెలుసు."

"మరి లే. రెండడుగులు. నన్ను పట్టుకో."

"వద్దే."

"ఇలా పడుకుంటే ఎలా చెప్పు? మనసు గట్టిచేసుకోవాలి. నేను చూడు..."

అంతే, అక్కకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం, తల దిండు మీదినుంచి ఎత్తింది.

"నిన్నేంటే చూసేది? నీది ఎవరూ చెయ్యి పెట్టని పొట్ట. నాది ముగ్గురు దున్ని వదిలేసిన పొలం. చీమ కుట్టినట్టుంటుందన్నావు. కోయడం మానేశారన్నావు. నేను నమ్మాను చూడు, నాకుండాలి బుద్ధి! నీకు పుట్టినప్పటినుంచీ అన్నీ సులువే. ఇదీ సులువుగానే అయింది. పోయి ఈత కొట్టుకో, నన్ను వదిలెయ్."

తెర అవతల ముసలామె దగ్గు కూడా ఆగిపోయింది. చెల్లెలు చాచిన చేతులు దించింది. "సరే అక్కా" అంది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

అక్కకు కోపం ఆ సాయంత్రానికే చల్లారింది. కోపం నిలుపుకోవడానికీ ఓపిక కావాలి. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసేది. అడగడానికి నోరు రాలేదు. ఆ రెండో రోజు తనే మంచం అంచు పట్టుకుని కాళ్ళు కిందికి దించింది. భర్త ఒకపక్క, సెలైన్ స్టాండు ఒకపక్క. కిటికీ దాకా నడిచి, అక్కడ నుదురు అద్దానికి ఆనించి నిలబడింది. కింద రోడ్డు మీద ఒకామె సైకిలు చైను ఊడిపోతే ఎక్కించుకుంటోంది, చేతులకు నల్లటి గ్రీజు. ఆమెకు అది ఎక్కేదాకా అక్క చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం నిద్రలో ఉండగా పోయింది. తనకు తెలియనే లేదు. భర్త విన్నాడు. విన్నవాడు విన్నట్టు కుర్చీలోంచి లేచి, నర్సుల గది దాకా వెళ్ళి, పెళ్ళికి ఒప్పుకున్నంత సిగ్గుతో చెప్పొచ్చాడు. అక్క లేచేసరికి ముసలామె తెర పక్కకు లాగి చూస్తూ ఉంది. "పోయిందట కదమ్మా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

గొట్టం తీసేశారు. చెంచాతో నీళ్ళు ఇచ్చారు. ఆ నీళ్ళ రుచి అక్క జీవితంలో మర్చిపోలేదు.

ఇంటికి పంపే ముందురోజు సర్జన్ రిపోర్టు తీసుకుని వచ్చింది. "గడ్డ చుట్టూ ఉన్న గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్నాయమ్మా. ఎక్కడికీ పాకలేదు. ఇంక మందులేమీ అక్కర్లేదు. పొట్ట మానాలి, అంతే. బెల్టు కట్టుకోండి, మూడు నెలలు పిండి బస్తా జోలికి వెళ్ళకండి."

సర్జన్ వెళ్ళాక అక్క చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. "దానికి ఫోన్ చెయ్యండి. చెప్పండి" అంది భర్తతో. "నేనేదో అన్నాను. పట్టించుకోవద్దని చెప్పండి."

ఆయన ఫోన్ తీయలేదు. జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. సంసారం మొదలైనప్పటినుంచీ ఆయన దగ్గర ఏదీ ఎక్కువ రోజులు దాగలేదు. మొహంలోనే బయటపడిపోతుంది.

"ఏంటి?" అంది అక్క.

"చెప్పొద్దంది."

"ఏంటో చెప్పండి."

"దాని రిపోర్టు... నీ ఆపరేషన్‌కి రెండ్రోజుల ముందే వచ్చింది. గ్రంథుల్లోకి పాకింది. రెండు గ్రంథుల్లో. మందు ఎక్కించాలట, ఆరునెలలు. నువ్వు కంగారుపడి ఆపరేషన్ మానేస్తావేమోనని నాతో ఒట్టు వేయించుకుంది. ఇన్ని రోజులూ రాలేదు చూడు, మందు ఎక్కించడానికి ముందు చేసే పరీక్షలకి తిరుగుతోంది."

అక్క కట్టు మీద చెయ్యి పెట్టుకుంది. లోపల ఇంకా నొప్పిగానే ఉంది, కానీ అది ఎవరిదో వేరేవాళ్ళ నొప్పిలా అనిపించింది. పోయి ఈత కొట్టుకో అన్నది తనే. ఆ మాట ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు చెల్లెలు వచ్చింది. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, అదీ వేరే బేకరీది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి నొక్కి చూసి "సరిగ్గా పొంగలేదు" అంది.

"తెలుసు. నీ దగ్గర తిట్లు తినడానికే తెచ్చా."

అక్క దిండు పొట్టకు అదుముకుని, మెల్లగా పక్కకు జరిగి చోటిచ్చింది. చెల్లెలు కూర్చుంది.

"చెప్పాలి కదే నాకు."

"ముక్కులో గొట్టం పెట్టుకున్నదానికి ఏం చెప్పను? నా గోల వినే స్థితిలో ఉన్నావా నువ్వు?"

"అంత మాట అన్నాను నిన్ను."

"అన్నావు. నిజమే అన్నావు. నా ఆపరేషన్ సులువుగానే అయింది. అందుకే నీకూ అలాగే అవుతుందనుకున్నాను. డాక్టరమ్మ విడమరిచి చెప్తుంటే నేనే అడ్డుపడి కొట్టిపారేశాను." చెల్లెలు బ్రెడ్డు ప్యాకెట్టు అంచు గోటితో గీకుతూ అంది. "నేనడిగాను ఆవిణ్ణి. పైకి ఇంత బాగుంటే లోపల ఇలా ఎందుకయిందని. ఆపరేషన్ ఎంత సులువుగా అయిందన్నది పొట్టని బట్టి ఉంటుందమ్మా, జబ్బు ఎంత ముదిరిందన్నది జబ్బుని బట్టి ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదంది."

"భయంగా ఉందా?"

"ఉంది" అంది చెల్లెలు. అక్కకు ఆమె నోట ఆ మాట విన్న గుర్తు లేదు. చెల్లెలి తల మీద చెయ్యి వేసింది. చెయ్యి అంత ఎత్తుకు లేపితే కుట్లు లాగాయి. అయినా తీయలేదు.

మొదటి మందు రోజున అక్క కూడా బయల్దేరింది. భర్త వద్దన్నాడు, చెల్లెలు వద్దంది. "నేనేం బస్తాలు మొయ్యడానికి వెళ్ళడం లేదు. కూర్చోడానికే వెళ్తున్నా. కూర్చోడం నాకు బాగా వచ్చు" అంది. పొట్టకు బెల్టు బిగించుకుని, ఆటో ప్రతి గుంతలో దిగినప్పుడల్లా పళ్ళు బిగబట్టి, మొత్తానికి చేరింది.

మందు ఎక్కించే గదిలో వరసగా వాలు కుర్చీలు, ఒక్కోదాని పక్కన ఒక స్టాండు. గోడమీద టీవీలో శబ్దం లేకుండా ఎవరో వంట చేస్తున్నారు. చెల్లెలు తన కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడింది. కాళ్ళు నిలవక అక్కే ఆ వాలు కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. బరువు తగ్గి బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు నూనె లేక రేగిపోయి ఉంది. ఆ కునుకులోనే ఎవరో మణికట్టు పట్టుకుని, తడి దూదితో చర్మం తుడుస్తున్నట్టు తెలిసింది.

"ఏ చెయ్యి ఇస్తారమ్మా? ఈ నరం బాగున్నట్టుంది" అంటోంది నర్సు.

అక్క కళ్ళు తెరవకుండానే చొక్కా చెయ్యి పైకి లాక్కుని ఇచ్చేసింది.

"సిస్టర్! సిస్టర్!" చెల్లెలు పరుగున వచ్చింది. "ఆవిడ కాదు, నేను! పేషెంట్‌ని నేను!"

నర్సు సూది వెనక్కి తీసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెల్లెలిది నున్నగా దువ్వుకున్న జుట్టు, నిటారు భుజాలు. అక్క ఇలా.

"మీరా?" అంది, నమ్మలేనట్టు.

"నేనే. ఆవిడ నాకు తోడు వచ్చింది."

"ఈవిడ... మీకు తోడా?"

చెల్లెలికి నవ్వు ఆగలేదు. అక్కకూ వచ్చింది, వచ్చాక ఆపుకోవడం చేతకాలేదు. రెండు చేతులూ బెల్టు మీద అదిమి పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే "నవ్వించకే, చచ్చిపోతాను, కుట్లే" అంది. నర్సు పెదాలు బిగబట్టుకుని ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసింది.

చెల్లెలు వాలు కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది. ఒకేసారికి నరం దొరికింది. మందు చుక్కచుక్కగా దిగడం మొదలైంది. అక్క అది కాసేపు చూసింది. తర్వాత తన శాలువా తీసి చెల్లెలి కాళ్ళ మీద కప్పబోయింది. వంగితే నొప్పి, సగం దాకానే అందింది. మిగతా సగం చెల్లెలే కాలితో లాక్కుంది.

"పడుకో అక్కా. ఇది అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది."

"నువ్వు?"

"నేను మెలకువగానే ఉంటాలే."

అక్క సరేనంది. తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, నిమిషంలో నిద్రపోయింది.